అపార్ట్‌మెంట్ వాళ్ళం కలిసి ఫుడ్ డ్రైవ్ చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. విజయవాడ పటమట దగ్గర 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మీది. వచ్చే నెల ఒక ఆదివారం లిఫ్టు పక్కన పెద్ద డబ్బాలు పెట్టి బియ్యం, పప్పులు, బిస్కట్లు పోగుచేసి, సాయంత్రానికి ఏదో ఒక పేటలో పంచేయాలని మీ ఆలోచన. ఎంత పోగవ్వాలి, ఎవరి పర్మిషన్ కావాలి, బ్యానర్ కొట్టించాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. డబ్బాలు ఇప్పుడే పెట్టకండి. ముందు తినేవాళ్ళెవరో తేల్చుకోండి. మొదట పదిహేను ఇళ్ళు చాలు. నెలలో ఏ రోజుల్లో వాళ్ళకి ఇబ్బంది అవుతోందో, ఇంట్లో ఏ సరుకు ముందు నిండుకుంటోందో అడగండి. ఆ సరుకే, ఆ రోజుల్లోనే ఇవ్వండి. రేషన్ కార్డున్న ఇంటికి బియ్యం వద్దు. పప్పు, నూనె, గుడ్లు ఇవ్వండి. ఒక్క ఆదివారం రెండొందల మందికి పంచి చేతులు దులుపుకునే కన్నా, ఆ పదిహేను ఇళ్ళనే ఆరు నెలలు చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

నేనెవరో కూడా చెప్పాలి కదా. సత్యనారాయణపురంలో పదహారేళ్ళు కర్రీ పాయింట్ నడిపాను. మోకాళ్ళు మొరాయించాక మూసేశాను. రాత్రి తొమ్మిదిన్నరకి గిన్నెల్లో మిగిలిన పప్పు, వేపుడు పారబోయడానికి చేతులు రాక మొదలైన పని ఇది. ఇప్పుడు నలుగురు ఆడవాళ్ళం, ఆటో నడిపే ఇద్దరు తమ్ముళ్ళు కలిసి నెలకి 40 ఇళ్ళు చూసుకుంటున్నాం. ట్రస్టూ లేదు, బోర్డూ లేదు. ఒక నోట్‌బుక్కు, ఒక వాట్సాప్ గ్రూపు, అంతే.

మొదటిసారి మేమూ మీరనుకుంటున్నట్టే చేశాం. ఐదు కిలోల బియ్యం, కిలో పప్పు, ఉప్పు, కారం, చింతపండు సంచుల్లో కట్టి, కృష్ణ ఒడ్డున ఘాట్ల దగ్గర పడుకునేవాళ్ళకి ఒక సాయంత్రం పంచాం. మర్నాడు పొద్దున మా ఆటో తమ్ముడు వచ్చి, అక్కా, మన సంచులు కిరాణా కొట్లో ఉన్నాయి అన్నాడు. సగం రేటుకి అమ్మేసుకున్నారు. నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. పొయ్యి లేని మనిషికి, గిన్నె లేని మనిషికి పచ్చి బియ్యం ఇచ్చి వండుకోమన్నది నేనే కదా! ఆ డబ్బుతో వాళ్ళు ఇడ్లీ తిన్నారు. అందులో తప్పేముంది?

అప్పటి నుంచి నేను మనుషుల్ని మూడు రకాలుగా చూస్తాను. పొయ్యీ కార్డూ రెండూ ఉన్నవాళ్ళు, పొయ్యి ఉండి కార్డు లేనివాళ్ళు, రెండూ లేనివాళ్ళు. మొదటివాళ్ళకి పప్పు, నూనె, గుడ్లు. రెండోవాళ్ళకి బియ్యంతో సహా అన్నీ. మూడోవాళ్ళకి వండిన అన్నం, లేదంటే వండక్కర్లేకుండా తినేవి: అటుకులు, వేయించిన శనగలు, అరటిపళ్ళు, బన్ను. మీరు వెళ్ళబోయే పేటలో ఎవరు ఎక్కువున్నారో తెలియకుండా డబ్బాలో ఏం వేయమంటారు?

బియ్యం ఎందుకు వద్దంటున్నానంటే. 2013 ఆహార భద్రతా చట్టం కింద కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ (నిరుపేదల) కార్డుకైతే ఇంటికి 35 కిలోలు వస్తాయి. అంటే నలుగురున్న ఇంట్లో 20 కిలోల బియ్యం ఉంటాయి. ఆ బియ్యంలోకి కలుపుకోవడానికి ఏమీ ఉండదు. రేషన్లో కందిపప్పు ఒక నెల వస్తే ఒక నెల రాదు. నూనె ప్యాకెట్టు పది రోజులకే అయిపోతుంది. నేను వెళ్ళిన ఇళ్ళలో ఆకలంటే ఎక్కువగా ఇదే: పిల్లలు మూడు రోజులుగా పచ్చిమిరపకాయ, ఉప్పు, అన్నం తింటుంటారు. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంట్లోకి ఏమీ పోదు. మీ ఫ్లాట్లలో వాళ్ళేమో 'దానం' అనగానే బియ్యమే తెస్తారు. అది మన అలవాటు, ఏం చేస్తాం.

మా కిట్‌లో ఉండేవి: కందిపప్పు కిలో, నూనె లీటరు, వేరుశనగ గుళ్ళు అరకిలో, బెల్లం అరకిలో, చింతపండు పావుకిలో, ఉప్పు, డజను గుడ్లు, బట్టల సబ్బు ఒకటి. మొన్న కొన్నప్పుడు ఒక్కోటి 550 రూపాయల దాకా అయింది. రేట్లు మారుతుంటాయి, మీరు గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సులోనో, వన్‌టౌన్‌లోనో ఒకసారి అడిగి లెక్కేసుకోండి. సబ్బు తిండి కాదు కదా అంటారు. సబ్బు మనం ఇస్తే ఆ డబ్బులు కూరగాయలకి మిగులుతాయి.

కార్డు లేనివాళ్ళు, కార్డుండీ బియ్యం రానివాళ్ళు కూడా ఉంటారు. ఇక్కడ మీ సమయం మీ సరుకు కన్నా విలువైంది. రాణిగారితోటలో ఒక ముసలామె ఉండేది. జీవితమంతా అంట్లు తోమి వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ షాపులో వేలిముద్ర తీసుకునే ఈ-పోస్ మిషన్ మీద వేలు పడదు. డీలరు మళ్ళీ రమ్మంటాడు, ఆమె మళ్ళీ వెళ్తుంది. మేం నాలుగు నెలలు ఆమెకి బియ్యం మోశాం. ఐదో నెల మాలో ఒకావిడ ఆమెని వార్డు సచివాలయానికి తీసుకెళ్ళి ఈకేవైసీ (ఆధార్‌తో వివరాలు సరిచూసే పని) సరిచేయించింది. రెండు పూటలు పట్టింది. ఆ తర్వాత ఆమెకి మా బియ్యం అవసరమే రాలేదు. మీ అపార్ట్‌మెంట్‌లో రిటైరైన ఉద్యోగులు ఉంటారు కదా, ఫారాలు నింపడం, కౌంటర్ల దగ్గర ఓపిగ్గా నిలబడటం వాళ్ళకి బాగా వచ్చు. ఆ పని వాళ్ళకి అప్పగించండి. బయట రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడ కట్టుబడి పనులు చేసేవాళ్ళకి సొంతూరి కార్డు మీదే ఇక్కడ కూడా రేషన్ ఇస్తారన్న సంగతి చాలామందికి తెలియదు, అది చెప్పినా చాలు. 2025 జూన్ నుంచి రేషన్ బండ్లు ఆపేసి మళ్ళీ షాపుల్లోనే ఇస్తున్నారు, 65 ఏళ్ళు దాటినవాళ్ళకి ఇంటికి తెచ్చివ్వాలి. అందుతోందో లేదో కనుక్కోండి.

ఇంకో చిన్న సంగతి. రేషన్ బియ్యంలో ఎప్పుడైనా తేలికగా, కొంచెం రంగు తేడాగా కనిపించిన గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి తయారుచేసిన గింజలు. వెళ్ళినప్పుడు ఒక మాట చెప్పండి.

ఇక రోజు సంగతి. నేను ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే. బెజవాడలో అన్నం పెట్టేవాళ్ళకి కరువు లేదు. దసరా పది రోజులు దుర్గమ్మ కొండ చుట్టుపక్కల ఎవరూ పస్తుండరు. వినాయక చవితి పందిళ్ళు, అయ్యప్ప, భవానీ దీక్షల రోజులు, కార్తీక మాసం, ఎటు చూసినా అన్నదానమే. పెద్దవాళ్ళ పుట్టినరోజులకీ, తద్దినాలకీ ఆశ్రమాల్లో భోజనాలు పెట్టేవాళ్ళు తేదీ కోసం లైనులో ఉంటారు. ఆ రోజుల్లో మీరు కూడా పులిహోర తీసుకెళ్తే అది కుక్కల పాలవుతుంది. ఆకలి క్యాలెండరు వేరే ఉంది.

సంక్రాంతి వారం చూడండి. మనమందరం ఊళ్ళకి వెళ్ళిపోతాం. హోటళ్ళు, మెస్సులు మూస్తారు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి ఆ వారం టీ కూడా ఎవరూ పోయరు. నా కర్రీ పాయింట్ కూడా నాలుగు రోజులు మూసేదాన్ని. ఒక ఏడాది భోగి మర్నాడు తాళం మర్చిపోయానని తిరిగొస్తే, రోజూ రాత్రి మిగిలిన కూరకి వచ్చే తాత మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మూసేస్తున్నానని అందరికీ చెప్పాను, ఆయనకి చెప్పలేదు.

ఆషాఢంలోనూ, మూఢంలోనూ పెళ్ళిళ్ళుండవు. కేటరింగులో వడ్డించే కుర్రాళ్ళు, వంట మాస్టరు కింద ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్ళు, షామియానా వేసేవాళ్ళు, వీళ్ళందరికీ ఆ రోజుల్లో పని ఉండదు. వానాకాలంలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే అడ్డా మీద నిలబడే కూలీలకి నాలుగు రోజులు కూలి లేనట్టే. వేసవి సెలవులు ఇంకో గండం. బడి ఉన్నన్నాళ్ళు పిల్లలకి మధ్యాహ్న భోజనం, గుడ్డు, రాగి జావ, చిక్కీ అందుతాయి. బడికి సెలవిస్తే అవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అందుకే మా కిట్‌లో మే నెలలో గుడ్లు రెట్టింపు. ఎండకి చెడతాయి కాబట్టి ఒకేసారి కాకుండా వారానికి ఇన్ని అని ఇస్తాం. నీళ్ళల్లో వేస్తే పైకి తేలిన గుడ్డు ఇవ్వకండి.

మామూలు నెలల్లో మా తేదీ 20. ఒకటో తారీఖు తర్వాత రేషను, జీతం, పింఛను అన్నీ వస్తాయి. ఇరవై దాటితే ఏమీ ఉండదు. మీరనుకుంటున్న ఆదివారం నెల మొదట్లో పడుతోందేమో చూసుకోండి.

వండిన అన్నం పెట్టాలనుకుంటే దగ్గర్లో అన్న క్యాంటీన్ ఉందేమో చూడండి. 2018లో మొదలై, 2019లో ఆగి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. పూట 5 రూపాయలు. అది నడిచే వేళకి పక్కనే మీరూ గుండిగ పెట్టుకుని కూర్చోవడం దండగ. అది మూసే రోజు ఏదో, వేళ ఏదో కనుక్కుని అప్పుడు పెట్టండి.

వండిన అన్నం పంచడం తేలికనుకోకండి. పదహారేళ్ళు అదే నా బతుకు, అయినా నాకిప్పటికీ టెన్షనే. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా మూతపెట్టి గంటల తరబడి ఉంచితే పెరిగి విషం తయారుచేస్తుంది. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకని 60 డిగ్రీల పైన పొగలు కక్కుతూ ఉండాలి, లేదా వండిన రెండు మూడు గంటల్లో ఆకులో పడాలి. మేం వండితే పులిహోరే. చింతపండు పులుపు వల్ల కాస్త నిలుస్తుంది. అన్నం వార్చి, పెద్ద బేసిన్లలో పరిచి ఆరబెట్టాకే పులుసు కలుపుతాం. వేడి మీద ప్యాకెట్లు కడితే లోపల చెమట పట్టి జిగురొస్తుంది. సాంబారన్నం, పప్పన్నం అక్కడికక్కడ వడ్డించేట్టయితేనే. పెరుగన్నం వేసవిలో వద్దే వద్దు. కిలో బియ్యానికి ఎనిమిది మంది అని లెక్కేసుకోండి, కష్టం చేసేవాళ్ళకైతే ఆరుగురే.

ఫంక్షన్ హాలు మిగులు గురించి కూడా మీలో ఎవరో ఒకరు అంటారు. చెప్పడానికి బాగుంటుంది. అసలు కథ ఏంటంటే, ఫోను రాత్రి పదకొండున్నరకి వస్తుంది. పేటలో పిల్లలు పడుకుని ఉంటారు. కూరలు ఏడింటికి వండినవి, ఎన్నిసార్లు గరిటె పెట్టారో తెలియదు. ఒకసారి మాకు మూడు గుండిగల బిర్యానీ ఇచ్చారు, వాసన బాగానే ఉంది, మనసొప్పక మొత్తం వదిలేసి వచ్చాం. ఆ హాలు మేనేజరు మమ్మల్ని పొగరుబోతులన్నాడు. అననివ్వండి. ఇప్పుడు మా షరతు ఒక్కటే: వడ్డన మొదలవకముందే, ఎక్కువైందని తెలిసినప్పుడే ఫోన్ చేయాలి, మూత తీయని గుండిగే ఇవ్వాలి. మిగులు తిండి పంచేవాళ్ళ కోసం ఆహార భద్రతా సంస్థ 2019లో నిబంధనలు కూడా పెట్టింది. రిజిస్ట్రేషన్ ఉండాలి, ఎక్కడ తీసుకున్నదీ ఎప్పుడు పంచిందీ రాసిపెట్టాలి. నెలకోసారి చేసే మీరు ఆ జోలికి పోకపోవడమే మంచిది.

ఇక పోగుచేయడం. డబ్బా పెట్టి 'మీకు తోచింది వేయండి' అంటే తోచిందే వేస్తారు. మాకు ఒకసారి డేటు దాటిన నూడుల్స్, సగం వాడిన సాంబారు పొడి, డైటు వాళ్ళు తినే ఓట్సు, చక్కెర లేని బిస్కట్లు వచ్చాయి. వాటిని ఏరడానికి ఒక రోజు పట్టింది. ఒక్కో అంతస్తుకి ఒక్కో సరుకు అప్పజెప్పండి. ఒకటో అంతస్తు కందిపప్పు, రెండో అంతస్తు నూనె, అలాగన్నమాట. విడిగా తెచ్చింది వద్దు, సీలున్న ప్యాకెట్టే, డేటు కనీసం మూడు నెలలుండాలి. అన్నిటికన్నా సుఖం, ఫ్లాటుకి నెలకి 150 అని డబ్బులే తీసుకోవడం. 60 ఫ్లాట్లకి 9,000. మా కిట్టు లెక్కన పదహారు ఇళ్ళకి సరిపోతుంది. హోల్‌సేల్‌లో బిల్లు తీసుకుని గ్రూపులో ఫోటో పెట్టేయండి, ఎవరూ నోరెత్తరు. కాకపోతే పిల్లలకి డబ్బాలో పప్పు ప్యాకెట్టు వేయడం ఒక సరదా. ఆ సరదా కోసం అంతస్తు పద్ధతి ఉంచుకోవచ్చు.

కార్డు లేని ఇళ్ళకి బియ్యం కొనాల్సి వస్తే 26 కిలోల బస్తాలు చూసి ఆశ్చర్యపోకండి. 2022 జూలై నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగు బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. అందుకని మిల్లుల వాళ్ళు ఒక కిలో కలిపేశారు.

డబ్బుల దగ్గర రెండు జాగ్రత్తలు. అమెరికాలో ఉన్న మీ పిల్లలు పంపుతామంటారు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, ఓసీఐ (భారత సంతతి వాళ్ళకిచ్చే) కార్డున్నా సరే, అది విదేశీ విరాళం కిందకి వస్తుంది. దానికి వేరే అనుమతి ఉండాలి. అమ్మానాన్నలకి ఇంటి ఖర్చుకి పంపుకోవడం వేరు, అసోసియేషన్ ఖాతాలో వేయడం వేరు. రెండోది, 80జీ (ఆదాయపు పన్ను మినహాయింపు) రసీదు అడిగేవాళ్ళకి ముందే లేదని చెప్పండి. అది ఆ అనుమతి ఉన్న సంస్థలకే, అదీ డబ్బు రూపంలో ఇస్తేనే. సరుకులకి రాదు.

సరుకు సెల్లార్‌లో పెట్టకండి. పందికొక్కులు ఉంటాయి, వాన నీళ్ళొస్తాయి. చెక్కల మీద, గోడకి జానెడు దూరంగా పేర్చండి. తెచ్చిన వారంలో పంచేస్తే పురుగు సమస్యే రాదు.

పసిపిల్లల పాలపొడి డబ్బాలు మాత్రం తీసుకోవద్దు, పంచొద్దు. ఎవరో ఒకరు ప్రేమగా తెస్తారు. తల్లిపాలకి బదులు వాడే పాలపొడి, పాలసీసాలు ఉచితంగా పంచడాన్ని 1992 చట్టం నిషేధించింది, అనాథాశ్రమాలకి మాత్రం మినహాయింపు. చట్టం సంగతి పక్కన పెట్టినా, శుభ్రమైన నీళ్ళు లేని చోట ఆ సీసా బిడ్డకి విరేచనాలు తెస్తుంది. ఆ డబ్బుతో తల్లికి గుడ్లు, వేరుశనగలు ఇవ్వండి.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగినప్పుడు చూసింది కూడా చెప్పాలి, ఎందుకంటే మళ్ళీ అలాంటిది వస్తే మీరందరూ పరిగెత్తుకెళ్తారు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పొట్లాలు గుట్టలుగా పడి ఉన్నాయి. అక్కడికి నడిచి రాగలిగినవాళ్ళకి మూడేసి అందాయి. పాయకాపురం లోపలి వీధుల్లో, మొదటి అంతస్తుల్లో చిక్కుకున్నవాళ్ళకి ఒక్కటీ లేదు. మూడో రోజుకి జనం పులిహోర వద్దు మొర్రో, మంచినీళ్ళు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, బిస్కట్లు ఇవ్వండి అన్నారు. నీళ్ళు తీశాక ఇంట్లో బియ్యం నాని పులిసిపోయి, పొయ్యిలు బురద పట్టి ఉన్నాయి. అసలు సరుకులు కావాల్సింది అప్పుడు. అప్పటికి మాలాంటివాళ్ళ ఉత్సాహం చల్లారిపోయింది, డబ్బులు కూడా పులిహోరకే అయిపోయాయి. అలాంటప్పుడు చేతిలో ఉన్నదాంట్లో సగం పదో రోజు కోసం దాచండి.

పర్మిషన్ సంగతి. ఇళ్ళకి తీసుకెళ్ళి ఇచ్చేదానికి ఎవర్నీ అడగక్కర్లేదు. రోడ్డు మీద టేబుల్ వేసి పంచితే మాత్రం స్టేషన్లో ముందు చెప్పండి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు సరుకుల సంచులతో ఆటో వెళ్తుంటే ఆపుతారు, అనుమానం వాళ్ళది. బిల్లులు దగ్గర పెట్టుకోండి, లేదా ఆ నెల వాయిదా వేసుకోండి. టేబుల్ పద్ధతి నాకైతే ఇష్టం లేదు. ముందు తోసుకొచ్చేది బలమున్నవాళ్ళు. వెనకే నిలబడేది ఒంటరి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. పేటలో అంగన్‌వాడీ టీచరుని అడిగితే ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ బిడ్డ బరువు పెరగడం లేదో ఆమెకి నోటికి వస్తుంది. జాబితా ఆమె సాయంతో రాసుకోండి. చిన్న నాయకులు మా జాబితా తీసుకోండమ్మా అని వస్తారు. నవ్వుతూ తీసుకుని, మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి చూసుకోండి.

బ్యానర్ వద్దు. సంచి ఇస్తూ ఫోటోలు కూడా వద్దు. ఫ్లాటు వాళ్ళు రుజువు అడిగితే సరుకు పేర్చినప్పుడు తీసిన ఫోటో, బిల్లు పెట్టండి. ఆ పేటలో పిల్లలు మీ పిల్లలతో ఒకే ట్యూషన్‌కి వస్తుండొచ్చు.

సంచులు మాత్రం గుడ్డవి కుట్టించండి, మీ టైలరు మిగిలిన ముక్కలతో కుట్టేస్తాడు. వచ్చే నెల ఖాళీ సంచి తెస్తే నిండు సంచి అని చెప్పండి, దాంతో ఎవరు తీసుకున్నారో లెక్క కూడా తేలుతుంది. మాకు 40లో ముప్పై దాకా తిరిగొస్తాయి. మిగతా పదీ కూరగాయలకి తీసుకెళ్తూ రైతు బజారులో కనిపిస్తుంటాయి.